నాక్సోస్ దీవిలో ఎండాకాలం: తిండి, నీళ్లు, మధ్యాహ్నం నిద్ర (తరచుగా అడిగే ప్రశ్నలు)

గ్రీస్‌లో ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో ఓడెక్కి, జులై ఆగస్టుల్లో రెండు మూడు వారాలు నాక్సోస్‌లో వంటగది ఉన్న ఇల్లు తీసుకుని ఉండాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. సైక్లేడ్స్ అనే దీవుల గుంపులో అన్నిటికన్నా పెద్దది నాక్సోస్. పక్కనున్న పారోస్‌కీ, టినోస్‌కీ కూడా ఇందులో చాలామటుకు వర్తిస్తుంది.

అక్కడి ఎండ మన మే నెల ఎండంత ఉంటుందా?

అంకె చూస్తే ఉండదు. మామూలు రోజుల్లో పగలు 28 నుంచి 31 డిగ్రీలు. ఏథెన్స్ 40 దాటే వడగాడ్పు రోజుల్లో కూడా దీవి మీద అంతకన్నా కాస్త తక్కువే ఉంటుంది. విజయవాడ మే నెల చూసినవాళ్లు ఈ అంకె చూసి నవ్వుతారు, మూడో రోజుకి భుజాలు కమిలిపోయి కూర్చుంటారు. కారణం గాలి. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి వీచే ‘మెల్తెమి’ చెమటను పట్టినదాన్ని పట్టినట్టే ఆర్పేస్తుంది. ఒళ్లు కాలుతున్న సంగతి రాత్రి స్నానం చేసేటప్పుడు గానీ తెలియదు. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన దాదాపు పడదు, మబ్బు కూడా అరుదే, చెట్టు నీడ తక్కువ. పదకొండు నుంచి ఐదు దాకా బయట పనులు పెట్టుకోకండి. టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి. లేకపోతే అది సముద్రం పాలే.

రోజు ఎలా గడుస్తుంది? ఎన్నింటికి తింటారు?

రోజును రెండుగా కోసి మధ్యలో నిద్ర పెట్టారనుకోండి. పొద్దున కాఫీ, దాంతో ఒక కులూరి (నువ్వులద్దిన రొట్టె చుట్ట) లేదా చీజ్ పెట్టిన తీరోపితా (పలచని పొరల పఫ్ లాంటిది), అంతే. ఇడ్లీ, దోసెల్లాగా కూర్చుని తినే టిఫిన్ అలవాటు లేదు. వంట పొద్దున్నే, పదిన్నరలోపే అయిపోతుంది. భోజనం రెండు, మూడున్నర మధ్య. తర్వాత నిద్ర. ఆరింటికి ఊరు మళ్లీ లేస్తుంది. జులైలో పొద్దు గూకేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. రాత్రి తిండి తొమ్మిదిన్నర, పది. ఏడింటికి తవెర్నా (మామూలు భోజనశాల)కి వెళ్తే బల్లలన్నీ విదేశీయులవే కనిపిస్తాయి. తిండి అదే ఉంటుంది గానీ సందడి ఉండదు. చిన్నపిల్లలు పదకొండింటికి కూడా ఊరి మధ్య బంతాట ఆడుతూ ఉంటారు. మధ్యాహ్నం పడుకున్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

మధ్యాహ్నం నిజంగానే చప్పుడు చేయకూడదా?

చేయకూడదు. అది ఒట్టి మర్యాద కాదు, నిబంధన. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మధ్యాహ్నం 3 నుంచి 5:30 వరకు, రాత్రి 11 నుంచి పొద్దున 7 వరకు ‘నిశ్శబ్ద వేళలు’. డ్రిల్లు, పాటలు, వరండాలో గట్టిగా ఫోన్ మాట్లాడటం పనికిరావు. ఫిర్యాదు వెళ్తే పోలీసులు వస్తారు. మనవాళ్లు తప్పు చేసేది వీడియో కాల్స్ దగ్గర. అక్కడ మూడంటే ఇండియాలో సాయంత్రం ఐదున్నర, ఇంటి నుంచి ఫోన్లు వచ్చే వేళ. లోపలికెళ్లి తలుపేసుకుని మాట్లాడండి. ఈ వేళలో ఇంటి ఓనరుకి కూడా ఫోన్ చేయకండి, నీళ్ల పైపు పగిలితే తప్ప. భోజనమయ్యాక విడిపోయేటప్పుడు ‘కాలో మెసిమేరి’ అంటారు. మధ్యాహ్నం బాగా గడవాలని. ‘కాలిస్పేరా’ అనే సాయంత్రపు పలకరింపు నిద్ర లేచాకే.

ఏసీ లేని ఇల్లు. ఎలా చల్లగా ఉంచాలి?

పాత ఇళ్లకి గోడలు మందం, కిటికీలు చిన్నవి, పైన సున్నం. ఆ ఇల్లు పని చేసేది మీరు దాని పద్ధతిలో ఉంటేనే. పొద్దున తొమ్మిదింటికల్లా చెక్క రెక్కలు (పంజూరియా) మూసేయండి, ముందు తూర్పు వైపువి. వెలుతురు కోసం పగలు కిటికీ తెరిస్తే బయటి వేడి లోపలికొచ్చి గోడల్లో కూర్చుంటుంది, రాత్రి రెండింటి దాకా వదలదు. పొద్దు గూకాక ఉత్తరపు కిటికీ, దానికి ఎదురు దక్షిణపు కిటికీ రెండూ తెరవండి. తలుపులకి బరువు పెట్టండి, లేకపోతే మెల్తెమి దెబ్బకి అద్దం పగులుతుంది. పొయ్యి, ఓవెన్ పని పొద్దున్నే ముగించడం కూడా ఈ లెక్కలోదే.

కుళాయి నీళ్లు తాగొచ్చా? స్నానానికి ఎన్ని నీళ్లు వాడొచ్చు?

సైక్లేడ్స్‌లో చాలాచోట్ల కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి, లేదా సముద్రపు నీటిని శుద్ధి చేసినవి. వంటకి, పళ్లు తోముకోవడానికి వాడతారు, తాగడానికి సీసా నీళ్లే కొంటారు. కుళాయి నీళ్లతో టీ పెడితే రుచి మారుతుంది, పప్పు సరిగా ఉడకదు. నీళ్లలో సున్నం ఎక్కువైతే పప్పు పొట్టు మెత్తబడదు. టీకీ పప్పుకీ సీసా నీళ్లే పోయండి. పెరిప్తెరో అనే వీధి బడ్డీల్లో అర లీటరు సీసా ధరకి ప్రభుత్వం పరిమితి పెట్టింది: 50 సెంట్లు. ఇంట్లోకి ఆరు సీసాల కట్ట సూపర్‌మార్కెట్లో కొంటే ఇంకా చవక.

నీళ్ల కరువు నిజమైనదే. 2024లో నాక్సోస్ రిజర్వాయర్లు దాదాపు అడుగంటాయి. బావుల్లోకి ఉప్పునీరు చేరి, పేరున్న నాక్సోస్ బంగాళాదుంప పంట దెబ్బతింది. సబ్బు రాసుకునేటప్పుడు షవర్ కట్టేయండి. వేడినీళ్లు మిద్దె మీది సోలార్ ట్యాంకు నుంచి వస్తాయి. సాయంత్రం సలసలా కాగుతుంటాయి, ముందు చల్లనీళ్ల కుళాయి తిప్పండి. ఇంకో మాట, ఎవరూ ముందుగా చెప్పనిది: టాయిలెట్ కాగితం కమోడ్‌లో వేయకూడదు. పైపులు సన్నం, మూసుకుపోతాయి. పక్కన మూత ఉన్న బుట్ట ఉంటుంది. జెట్ స్ప్రే ఉండదు, ఒక మగ్గు కొనుక్కోండి.

ఎండాకాలపు అసలు వంటలు ఏవి?

‘లదేరా’. లాది అంటే ఆలివ్ నూనె. కూరగాయల్ని టమాటా, ఉల్లిపాయ, ధారాళంగా నూనెతో నిదానంగా ఉడికించి, నీరంతా ఇంకి నూనె తేలే దాకా ఉంచుతారు. మన ఇగురు పద్ధతే, మసాలా లేదు. ఇవి పొద్దున వండి మధ్యాహ్నం గోరువెచ్చగా తినేవి. పొగలు కక్కే కూర ఆ ఎండలో ఎవరికీ అక్కర్లేదు. వేడిగా వడ్డించలేదని తవెర్నాలో గొడవ పడకండి, అది అలాగే ఉండాలి.

లదేరాల్లో మొదట నేర్చుకోవాల్సింది గెమిస్తా: అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికమ్‌లు. నలుగురికి ఆరు పెద్ద టమాటాలు, నాలుగు పచ్చ క్యాప్సికమ్‌లు. పైన మూతలా కోసి గుజ్జు తీయండి. గుజ్జు పారేయకండి, తరగండి. కాయకి ఒక నిండు టేబుల్ స్పూన్ బియ్యం, ట్రే కోసం ఇంకో స్పూన్. అక్కడ దొరికే ‘కరోలినా’ లేదా ‘గ్లాసె’ రకం పొట్టి బియ్యం తీసుకోండి. బాస్మతి పొడిపొడిగా అయ్యి లోపల పట్టు ఉండదు. రెండు ఉల్లిపాయల్ని నూనెలో మగ్గించి, బియ్యం రెండు నిమిషాలు వేయించి, సగం గుజ్జు, ఉప్పు, మిరియాలు, పుదీనా, పార్స్‌లీ కలపండి. కాయల్లో ముప్పావు దాకే నింపండి. సందుల్లో బంగాళాదుంప ముక్కలు దూర్చి, మిగిలిన గుజ్జు, 150 మిల్లీలీటర్ల నూనె, అర గ్లాసు నీళ్లు పోయండి. ఓవెన్‌లో 180 డిగ్రీల్లో రేకు కప్పి గంట, తీసేసి అరగంట. పైన అంచులు నల్లగా మాడాలి, అది తప్పు కాదు. తీసాక గంట ఆగి తినండి.

ఎక్కడ చెడుతుంది? నిండుగా కూరితే బియ్యం ఉబ్బి కాయ పగులుతుంది. గుజ్జు తక్కువ వేస్తే పై బియ్యం పలుకుగా మిగులుతుంది. బంగాళాదుంపలు ఉడకలేదంటే టమాటా పులుపు వల్ల. పులుపులో దుంప మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. సన్నగా కోయండి, లేదా ముందు కాస్త వేయించండి. మాంసం లేని గెమిస్తాని అక్కడివాళ్లు ‘ఒర్ఫనా’ అంటారు, అంటే అనాథలు. శాకాహారులకి కావాల్సింది ఆ అనాథలే.

మిగిలినది రాత్రికి బయట ఉంచొచ్చా? అక్కడివాళ్లు కొందరు ఉంచుతారు. మీరు ఉంచకండి. ఉడికిన అన్నం 30 డిగ్రీల్లో గంటల తరబడి ఉంటే కడుపు చెడుతుంది. వండిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు పావుగంట బయట పెట్టుకుంటే చాలు.

వాళ్ల బెండకాయ జిగురు కాదెందుకు?

కాయ కోయరు కనుక. బామియెస్ అంటే వేలెడంత కూడా లేని చిన్న బెండకాయలు. తొడిమను పెన్సిల్ చెక్కినట్టు గుండ్రంగా చెక్కుతారు, గింజల గది తెగకూడదు. తెగితే జిగురు బయటికి వచ్చేసినట్టే. కిలోకి అర కప్పు వెనిగర్, కాస్త ఉప్పు పట్టించి పళ్లెంలో పరిచి అరగంట నుంచి గంట ఎండలో పెడతారు. ఆ పులుపూ ఎండా కలిసి జిగురుని కట్టేస్తాయి. కడిగి, నూనెలో ఉల్లిపాయతో పాటు మగ్గించి, తురిమిన టమాటా వేసి సన్నని సెగ మీద ముప్పావు గంట. గరిటె పెట్టకూడదు, గిన్నెను రెండు చెవులూ పట్టుకుని ఊపాలి. గరిటె పెట్టి కలిపిన బామియెస్‌ని ఏ వెనిగరూ కాపాడలేదు.

ఆకుకూరలు దొరుకుతాయా?

దొరుకుతాయి, పైగా మీకు తెలిసినవే. ఎండాకాలంలో ‘వ్లీతా’ పేరుతో అమ్మేది తోటకూర జాతి ఆకే. కాడలతో సహా ఉప్పునీళ్లలో ఉడికించి, వడకట్టి, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి ఇస్తారు, తరచూ పక్కన ఉడికిన లేత గుమ్మడి (జుకిని) ముక్కలతో. ‘గ్లిస్త్రీదా’ మన గంగవాయిలి కూర, కోస్తాలో పాయల కూర అనేదే. వాళ్లు దాన్ని వండరు, పచ్చిగా టమాటా సలాడ్‌లో వేస్తారు. పప్పులో వేసుకోవాలనిపిస్తే ఎర్ర కందిపప్పు బదులు ‘ఫావా’ కొనండి. మెనూలో ఫావా అంటే చిక్కుడు గింజలు కావు, పసుపుపచ్చ పప్పు ముద్ద. కప్పు పప్పుకి మూడు కప్పుల నీళ్లు, ఒక ఉల్లిపాయ, నురుగు తీస్తూ ముప్పావు గంట. కాస్త జారుగా ఉండగానే దించండి, చల్లారితే గట్టిపడుతుంది. పైన పచ్చి ఉల్లిపాయ, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు), నిమ్మ.

హోరియాటికి (గ్రీకు పల్లెటూరి) సలాడ్ ఇంట్లో చేస్తే ఆ రుచి రాదేం?

మూడు కారణాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన టమాటా. ముక్కలు మరీ చిన్నగా కోయడం. ఫెటా (తెల్లటి, ఉప్పటి చీజ్)ని నలిపి కలపడం. టమాటా బయటే ఉంచండి, పెద్ద చెక్కలుగా కోసి ఉప్పేసి ఐదు నిమిషాలు వదలండి. రసం ఊరుతుంది, డ్రెస్సింగ్ అంటే అదే. దోస, ఉల్లిపాయ, పచ్చ క్యాప్సికమ్, ఆలివ్‌లు, పైన ఫెటా ఒకే పలక, దాని మీద ఒరెగానో, నూనె. లెట్యూస్ వేయరు. వెనిగర్ వేయాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకోలేదు. నాక్సోస్‌లో ఫెటా బదులు స్థానిక క్సినోమిజిత్రా వేస్తే వదలకండి: మెత్తగా, పుల్లగా, గట్టి పెరుగులా ఉంటుంది. గిన్నె అడుగున మిగిలిన రసంలో రొట్టె ముంచుకు తినడం మర్యాద తక్కువేమీ కాదు. దానికి ‘పాపారా’ అనే పేరే ఉంది.

పూర్తి శాకాహారులం. తవెర్నాలో ఏం అడగాలి?

‘హోరిస్ క్రేయాస్’ (మాంసం లేకుండా) అంటే సరిపోదు. చేపని, కొన్నిచోట్ల కోడిని ఆ మాట కిందికి లెక్కేయరు. ‘నిస్తీసిమో’ అనండి: ఉపవాసపు వంట. ఆగస్టు 1 నుంచి 14 దాకా మరియమాత పండుగ ఉపవాసం, అప్పుడు ఈ మాట అందరి నోటా ఉంటుంది. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. చేపలు కూడా 6వ తేదీన తప్ప ఉండవు. అయితే రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ ఉపవాసంలో తింటారు, కాబట్టి ‘హోరిస్ థలాసినా’ (సముద్రపు జీవులు లేకుండా) అని చేర్చండి. ద్రాక్షాకు చుట్టలు ‘యలంజీ’ అయితే అన్నంతో, ఉత్త ‘దొల్మాదెస్’ అయితే కీమా ఉండొచ్చు. జుకిని వడల్లో గుడ్డు ఉంటుంది, వాటిని చేపలు వేయించిన నూనెలోనే వేయించొచ్చు. గ్రావియెరా, ఫెటా లాంటి సంప్రదాయ చీజ్‌లని దూడ లేదా మేకపిల్ల కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడు పెడతారు. నియమం గట్టిగా పాటించేవాళ్లు ఇది తెలుసుకునే నిర్ణయించుకోవాలి.

పెరుగన్నం సంగతి?

‘స్త్రాంగిస్తో’ పెరుగు నీరు వడకట్టినది, అన్నంలో కలిపితే సిమెంటులా ఉంటుంది. సగానికి సగం నీళ్లు పోసి చిలకండి. ఉప్పు వేసిన మజ్జిగ ‘అరియాని’ పేరుతో సీసాల్లో దొరుకుతుంది. కారం కోసం ‘బూకోవో’, అంటే దంచిన ఎండుమిరప. పచ్చళ్లు తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా లాంటివి మాత్రం ఇండియా నుంచి ఐరోపా యూనియన్‌లోకి అనుమతించరు.

చేపల బిల్లు చూసి కళ్లు తిరిగాయి. ఎందుకు?

పెద్ద చేపల ధర మెనూలో కిలోకి రాస్తారు, పళ్లేనికి కాదు. వంటింట్లోకి వెళ్లి చేప చూపించమని, తూచమని అడగండి, అది అక్కడ మామూలే. చవగ్గా కావాలంటే గావ్రోస్, సార్దెలా, గోపా లాంటి చిన్న చేపలు పళ్లెం లెక్కన వస్తాయి. పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) గానీ ‘కాత్.’ అని గానీ ఉంటే ఫ్రోజెన్. స్క్విడ్ చాలాసార్లు అదే. అడగకుండానే వచ్చే రొట్టె బుట్ట ఉచితం కాదు, వద్దంటే తీసుకెళ్తారు. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టనక్కర్లేదని చట్టమే చెబుతోంది, ఆ బోర్డు గోడ మీదే ఉంటుంది.

కాఫీ ఎలా అడగాలి?

చక్కెర మాట ముందే చెప్పాలి: స్కేతో (లేకుండా), మేత్రియో (మధ్యస్థం), గ్లికో (తీపి). చల్లటి మిక్సర్ కాఫీ అయ్యాక చక్కెర కరగదు. ఇప్పుడు ఎక్కువమంది తాగేది ఫ్రెడో ఎస్ప్రెసో (ఐసుతో చిలికిన ఎస్ప్రెసో). పాతది ఫ్రాపె, 1957లో థెస్సలోనికి వాణిజ్య ప్రదర్శనలో పుట్టింది. ఇంట్లో: రెండు టీస్పూన్ల ఇన్‌స్టంట్ కాఫీ, రెండు చక్కెర, మూడు టేబుల్ స్పూన్ల చల్లనీళ్లు మూత ఉన్న సీసాలో వేసి అర నిమిషం గట్టిగా కుదిపితే చిక్కటి నురుగు. అప్పుడు ఐసు, నీళ్లు. ముందే నీళ్లన్నీ పోస్తే నురుగు రాదు. సన్న పొడి రకం ఇన్‌స్టంట్ వాడండి. ఒక గ్లాసుతో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు.

కందిరీగలు భోజనం మీద వాలుతున్నాయి. ఏం చేయాలి?

చిన్న పళ్లెంలో రెండు స్పూన్ల గ్రీకు కాఫీ పొడి పోసి అగ్గిపుల్లతో అంటించండి. మంట రాదు, అంచు నుంచి ఎర్రగా రాజుకుంటూ పొగ వస్తుంది. అంటుకోకపోతే పొడి తడిసి ఉంటుంది. పళ్లేన్ని గాలి వచ్చే వైపు పెట్టండి, లేకపోతే పొగ పక్క బల్లకి పోతుంది. గాలి గట్టిగా ఉన్న రోజు ఇది పనికిరాదు, ఆ రోజు కందిరీగలూ తక్కువే. దోమలకి చుట్ట పేరు ‘ఫిదాకి’, అంటే చిన్న పాము. మెల్తెమి ఆగిన రాత్రే దాని అవసరం.

గాలి ఉన్న రోజు ఈదొచ్చా?

బీచ్ చూసి ఎంచుకోవాలి. ఆయియోస్ ప్రొకోపియోస్ తీరానికి గాలి దెబ్బ తక్కువ. మిక్రీ విగ్లాలో గాలి తెరచాప ఆటల వాళ్లకి పండగ, పిల్లలకి కాదు. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే రోజున నీళ్లు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. ప్రమాదం అప్పుడే: గాలి నింపిన పరుపు మీద పడుకున్న పిల్లవాణ్ణి నిమిషాల్లో లోపలికి తోసేస్తుంది. పరుపులు, ట్యూబులు ఆ రోజు ఇంట్లోనే ఉంచండి. అత్యవసరానికి 112, తీర రక్షక దళానికి 108. మన అంబులెన్స్ నంబరే అక్కడ సముద్రానిది, కలగాపులగం చేసుకోకండి. అంబులెన్స్ 166.

ఆగస్టు 15 చుట్టుపక్కల రావచ్చా?

రావచ్చు, గది, ఓడ టికెట్ నెలల ముందే తీసుకుంటే. ఆ రోజే మరియమాత పండుగ. నాక్సోస్‌లోని ఫిలోతి ఊళ్లో పెద్ద తిరనాళ్లు, రాత్రంతా వయొలిన్, ‘లవూతో’ అనే తీగల వాయిద్యం, ఉపవాసం విడిచినవాళ్లకి మాంసం వంటలు. బ్యాంకులు, చాలా దుకాణాలు మూత.

గాలికి ఓడలు ఆగిపోతాయట కదా?

ఆగుతాయి. గాలి బలం ఒక హద్దు దాటితే రేవు అధికారులు ‘అపగోరెఫ్తికో’ (ప్రయాణ నిషేధం) పెడతారు. ముందు ఆగేవి చిన్న వేగపు ఓడలు, పెద్ద కారు ఓడలు చివరిదాకా నడుస్తాయి. పిరేయస్‌కి పెద్ద ఓడలో ఐదున్నర గంటల దాకా పడుతుంది, వేగపు ఓడ కన్నా నిదానం, అయినా ఆగస్టులో అదే నయం. ఇండియా విమానం ఉన్న రోజే దీవి నుంచి బయల్దేరకండి, ముందు రాత్రి ఏథెన్స్‌లో ఉండండి. నిషేధం వల్ల రద్దయితే టికెట్ డబ్బు వెనక్కిస్తారు, లేదా తర్వాతి ఓడకి మారుస్తారు. విమానం టికెట్‌కి మాత్రం ఓడ కంపెనీ బాధ్యత వహించదు. రేవుకి ముప్పావు గంట ముందే చేరండి. ఓడ తలుపు దించి, మనుషుల్నీ లారీల్నీ దింపి, ఎక్కించుకుని కొద్ది నిమిషాల్లోనే మళ్లీ కదిలిపోతుంది. ఎక్కేటప్పుడు మీరు దిగే రేవు పేరు రాసిన అరలోనే పెట్టె పెట్టండి, పైకి మోసుకెళ్లకండి.